పిట్‌బుల్ పెంపకం: రోజుకు గంటన్నర బాధ్యత

పిట్‌బుల్ పిల్ల ఇంటికి వచ్చిన కొత్తలో ఇంటిల్లిపాదీ దాని చుట్టూ తిరుగుతారు. ఏడాది తిరిగేసరికి అది ఇరవై కిలోలు దాటవచ్చు. బెల్టు పట్టుకుంటే మనిషినే లాక్కెళ్లే బలం వస్తుంది. బయటికి తీసుకెళ్లే వాళ్లు ఇంట్లో ఒక్కొక్కరే తప్పుకుంటారు. ఇక పెరట్లో ఒక గుంజ, దానికో గొలుసు. ఒళ్లు రావడం, చర్మం పాడవడం, గేటు దగ్గర ఎవరు కదిలినా మీదికి ఉరకడం చాలాసార్లు అక్కడే మొదలవుతాయి.

ఈ కుక్క ఆరోగ్యాన్ని చూసుకోవడం, వీధి క్షేమాన్ని చూసుకోవడం వేరువేరు పనులు కావు. రెండింటికీ కావలసింది ఒకటే, పెంచేవారి సమయం. రోజుకు కనీసం గంటన్నర. ఆ సమయాన్ని దేనికి ఖర్చు పెట్టాలో, కుక్కను తేవడానికి ముందు నుంచి దాని ముసలితనం దాకా వరసగా చూద్దాం.

1. తేవడానికి ముందు: జాతిని, చట్టాన్ని తెలుసుకోండి

ఇంగ్లండులో ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొలిపే వినోదాన్ని 1835లో చట్టం నిషేధించింది. ఆ తర్వాత జనం కుక్కల పోట్లాటల వైపు మళ్లారు. బుల్‌డాగ్ బలాన్ని, టెర్రియర్ చురుకుదనాన్ని కలిపి పెంచిన కుక్కలు అమెరికా చేరాయి. అక్కడి యునైటెడ్ కెన్నెల్ క్లబ్ 1898లో వాటిని ‘అమెరికన్ పిట్‌బుల్ టెర్రియర్’ పేరుతో నమోదు చేసింది. ఆ క్లబ్ ప్రమాణం ప్రకారం ఎదిగిన మగది సుమారు 16 నుంచి 27 కిలోలు, ఆడది 14 నుంచి 23 కిలోలు ఉండాలి. నలభై యాభై కిలోలు తూగుతుందని గొప్పగా చెప్పి అమ్మేవాటిలో చాలావరకు ఇతర జాతులు కలిసినవే. బరువు పెరిగేకొద్దీ కీళ్లకు, గుండెకు భారం తప్ప లాభం లేదు.

దీని దవడ పట్టుకుంటే తాళం పడిపోతుందనేది అపోహ. అలాంటి ఎముక నిర్మాణం ఏ కుక్కకూ లేదు. జాతిని బట్టి స్వభావం ఖాయమన్నదీ పూర్తిగా నిజం కాదు. 18 వేలకు పైగా కుక్కల వివరాలతో చేసిన ఒక పరిశోధన 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వాటా సుమారు 9 శాతమేనని అది తేల్చింది. అలాగని ధీమా పడకూడదు. తోటి కుక్కలతో పోట్లాడే గుణం కోసం తరతరాలు ఎంచి పెంచిన వంశం ఇది. పట్టు పడితే చిన్న కుక్క చేసే గాయానికీ, ఇది చేసే గాయానికీ పోలికే ఉండదు. ఆ బలాన్ని ప్రేమించేవారు ఆ బలానికి పూచీ కూడా పడాలి.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్‌తో సహా 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకాలను ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇళ్లలో అప్పటికే ఉన్నవాటికి సంతాన నియంత్రణ ఆపరేషన్ చేయించాలని చెప్పింది. సంబంధిత వర్గాల మాట వినకుండా జారీ చేశారంటూ కొందరు కోర్టులకు వెళ్లారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. అయినా కొన్ని నగరపాలక సంస్థలు సొంతంగా ఆంక్షలు పెట్టుకున్నాయి. అందుకే పిల్లకు బయానా ఇవ్వకముందే మీ మున్సిపాలిటీకి వెళ్లి నేటి నిబంధన ఏమిటో, లైసెన్సుకు ఏ కాగితాలు కావాలో అడగండి. అద్దె ఇల్లయితే యజమానినీ అడగండి.

2. పిల్లను ఎంచుకోవడం

2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం కుక్కపిల్లలను అమ్మే పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య గడిపిన ఆ ఎనిమిది వారాల్లోనే పిల్లకు ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో తెలుస్తుంది. నెల కూడా నిండకుండా తల్లినుంచి వేరుచేసిన పిల్లకు ఆ పాఠం అందదు.

తల్లిని చూపించమని అడగండి. కొత్త మనుషుల్ని చూసి తల్లి వణికినా, మీదికి ఉరికినా ఆ పిల్లను తీసుకోవద్దు. పిల్లల పొట్టలు ఉబ్బి ఉన్నా, కళ్ల చుట్టూ వెంట్రుకలు రాలి ఉన్నా తొందరపడొద్దు. చెవులు కత్తిరించిన పిల్లను కొనకండి, మీరూ కోయించకండి. అందం కోసం చెవులు కోయడం కుక్కకు నొప్పి తప్ప ఇంకేమీ ఇవ్వదు. ఎవరో వదిలేసిన పెద్ద పిట్‌బుల్ షెల్టర్‌లో ఉంటే దాన్నీ ఆలోచించవచ్చు. ఎదిగిన కుక్క స్వభావం అప్పటికే తెలిసి ఉంటుంది కాబట్టి, షెల్టర్ వాళ్లను నిలదీసి అడిగి తెచ్చుకోవచ్చు.

3. మొదటి నాలుగు నెలలు: టీకాలు, లోకజ్ఞానం

ఇంటికి తెచ్చిన రెండు మూడు రోజుల్లోనే పశువైద్యుడికి చూపించి టీకా పుస్తకం మొదలుపెట్టండి. పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు కలిపి వేసే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతుంది. మూడు నాలుగు వారాల ఎడంతో వేయిస్తూ, చివరి డోసు పదహారు వారాలు నిండాక పడేలా చూడాలి. చాలామంది రెండు డోసులతో ఆపేస్తారు. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. అందుకే ఆ చివరి డోసు అంత ముఖ్యం. రేబిస్ టీకా మూడు నెలలకు, ఆ తర్వాత ఏటా. నులిపురుగుల మందు మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి.

పార్వో పిట్‌బుల్ పిల్లలకు ఎక్కువగా సోకుతుందని పశువైద్యులకు బాగా తెలుసు. పిల్ల ఉన్నట్టుండి నీరసపడి, వాంతులు చేసుకుంటూ, దుర్వాసనతో నెత్తుటి విరేచనం పోతే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే తీసుకెళ్లండి. సెలైన్ ఎంత త్వరగా ఎక్కిస్తే బతికే అవకాశం అంత ఎక్కువ. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌ను నమ్ముకోకుండా, ఒక వంతు బ్లీచ్‌ను ముప్పై వంతుల నీళ్లలో కలిపి నేల కడగండి.

మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా పిల్ల మెదడు లోకాన్ని స్వీకరించే కాలం. టీకాలు పూర్తికాలేదని ఈ కాలమంతా గదిలో బంధిస్తే, పెద్దయ్యాక కొత్తది ఏది చూసినా భయమే. ఆ భయమే కాటుగా మారుతుంది. నేల మీద వదలకుండా ఎత్తుకుని బజారు చూపించండి. ఆటో చప్పుడు, కుక్కర్ విజిల్, పెళ్లి బ్యాండు, గొడుగు, హెల్మెట్, చేతికర్రతో నడిచే తాతగారు, యూనిఫారంలో వచ్చే పిల్లలు అన్నీ దూరం నుంచి, తాయిలంతో పరిచయం చేయండి. టీకాలు పడిన, నెమ్మదైన పెద్ద కుక్క తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే దానితో కలపండి.

4. తిండి

మూడు నాలుగు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు పెట్టాలి. సంతాన నియంత్రణ ఆపరేషన్ అయ్యి, ఒక మాదిరి వ్యాయామం ఉన్న ఇరవై కిలోల కుక్కకు రోజుకు దాదాపు 1,050 కేలరీలు, ఇరవై అయిదు కిలోలదానికి 1,250 కేలరీలు చాలు. ఎదిగే పిల్లకు దాని బరువును బట్టి ఇంతకంటే ఎక్కువ కావాలి.

మన ఇళ్లలో కుక్కకు పడేది ఎక్కువగా పాలు, అన్నం లేదా పెరుగన్నం. దాంతో పొట్ట నిండుతుంది కానీ కండకు కావలసిన మాంసకృత్తులు చాలవు. ఇంట్లో వండి పెట్టాలనుకుంటే ఉప్పూకారం లేకుండా ఉడికించిన ఎముకల్లేని చికెన్, గుడ్డు, కొంచెం అన్నం, గుమ్మడి, క్యారెట్, బీన్స్ పెట్టవచ్చు. అయితే ఎముకల్లేని మాంసంలో కాల్షియం చాలా తక్కువ. ఎంత కలపాలో డాక్టరే చెప్పాలి. మంచి కంపెనీ మేత పెడుతూ పైన కాల్షియం సిరప్ కూడా పోస్తే ఎదిగే పిల్ల ఎముకలకు చేటు. అలవాటున్న ఇంట్లో మేత, వంట రెండూ సగం సగం పెట్టినా సరే, కొలత మాత్రం తప్పకూడదు.

ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ విషంతో సమానం. నిన్నటి చికెన్ కూర కడిగి పెట్టినా ఉల్లి సారం అందులో ఉంటుంది. ఉడికించిన ఎముక చీలి పేగుకు గుచ్చుకుంటుంది. జ్వరమో నొప్పో అని మనం వేసుకునే పారాసిటమాల్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కకు వేయకూడదు. కాలేయం, మూత్రపిండాలు, పేగులు దెబ్బతింటాయి.

బరువు సరిగా ఉందో లేదో తెలియాలంటే పక్కటెముకల మీద అరచేత్తో నిమరండి. తేలిగ్గా తడిమితే ఎముకలు తగలాలి, కంటికి మాత్రం కొట్టొచ్చినట్టు కనపడకూడదు. పైనుంచి చూస్తే నడుము సన్నబడాలి. ప్రతి నెలా తూచి టీకా పుస్తకంలోనే రాసుకోండి.

5. చోటు, వ్యాయామం

పిట్‌బుల్ వెంట్రుకలు పొట్టివి, చర్మం సున్నితం, మనుషుల తోడు లేకపోతే కుంగిపోతుంది. పెరట్లో రేకుల షెడ్డు దానికి ఇల్లు కాదు. మనం పడుకునే ఇంట్లోనే ఓ మూల మెత్తని పరుపు వేయండి. గట్టి నేల మీదే పడుకుంటే మోచేతులు కాయలు కాచి పుండ్లు పడతాయి. దొడ్డిలో వదిలేటట్టయితే ప్రహరీ ఆరడుగులైనా ఉండాలి, గేటుకు రెండో గడియ ఉండాలి. ఎక్కడం, దూకడం దీనికి తేలిక.

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లోనే 11వ సెక్షన్‌లో ఒక మాట స్పష్టంగా ఉంది. ఎప్పుడూ కట్టేసో, బంధించో ఉంచే కుక్కను యజమాని తగినంతగా తిప్పకపోతే అది నేరం. మరీ పొట్టి లేదా బరువైన గొలుసుతో చాలాసేపు కట్టి ఉంచడం కూడా నేరమే. కుక్కలను పోట్లాటకు దింపడం సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

పొద్దున అరగంట, సాయంత్రం అరగంట చురుకైన నడక కనీస అవసరం. మెడకు వేసే బెల్టు కంటే ఛాతీకి వేసే హార్నెస్ మేలు, లాగినా గొంతు నొక్కుకోదు. మధ్యలో తాడు లాగుడు ఆట, బంతి తెచ్చే ఆట, తిండిని ఇంట్లో అక్కడక్కడా దాచి వెతికించే ఆట ఆడించండి. ముక్కుతో వెతికించే పది నిమిషాల ఆట దాన్ని ఎంతో అలసిపోయేలా చేస్తుంది. ఎముకలు ముదరని పిల్లతో మేడ మెట్లెక్కించడం, ఎత్తునుంచి దూకించడం, మోటారు సైకిలు వెంట పరుగెత్తించడం చేయకండి. పోటీల్లో కండ కనపడాలని మెడకు బరువులు కట్టడం, స్టెరాయిడ్లు ఎక్కించడం కుక్కను హింసించడమే.

6. శిక్షణ, చిక్కం

కూర్చో, ఆగు, వదిలెయ్, రా. ఈ నాలుగు మాటలు ఇంట్లో అందరూ ఒకే తీరుగా వాడాలి. చెప్పింది చేసిన వెంటనే చిన్న చికెన్ ముక్క ఇవ్వండి. రోజుకు రెండుసార్లు అయిదేసి నిమిషాలు చాలు. కొట్టి నేర్పితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం మానదు. గుర్రుమనడం అది మనకిచ్చే హెచ్చరిక. హెచ్చరిక పోయిన కుక్క నేరుగా కరుస్తుంది.

తోటి కుక్కల మీద కసి చాలాసార్లు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య బయటపడుతుంది. నిన్నటిదాకా ఆడుకున్న కుక్కతోనే ఒక రోజు పోట్లాడవచ్చు. కాబట్టి వీధిలో ఎప్పుడూ పట్టీ విప్పకండి. ఊరకుక్కలు గుంపుగా ఎదురైతే ధైర్యం చూపకుండా దారి మార్చండి.

చిక్కం వేయడం శిక్ష కాదు. నోరు తెరిచి వగర్చడానికీ, నీళ్లు తాగడానికీ వీలుండే బుట్ట చిక్కం కొనండి. నోరు బిగించి కట్టే గుడ్డ చిక్కంతో ఎండలో నడిపిస్తే ఒంటి వేడి బయటికి పోక ప్రాణం మీదికి వస్తుంది. మొదట చిక్కంలో తిండి పెట్టి మూతి దానంతటదే దూర్చేలా అలవాటు చేయండి. తర్వాత నిమిషం, అయిదు నిమిషాలు, అలా పెంచండి.

చిన్నపిల్లల్ని, ఈ కుక్కని ఒకే గదిలో పెద్దవాళ్లు లేకుండా ఒక్క క్షణం కూడా వదలొద్దు. అది ఎంత మంచి కుక్కయినా సరే. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దాని జోలికి వెళ్లొద్దని పిల్లలకు నేర్పండి. జంతువు వల్ల ఎదుటివారికి ప్రమాదం జరిగేలా నిర్లక్ష్యం చేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఎవరినైనా కరిస్తే, గీరినా సరే, గాయాన్ని ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీకాలు వేసిన పెంపుడు కుక్కే కదా అని ఊరుకోకూడదు. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు.

7. చర్మం, పిడుదులు

పిట్‌బుల్‌ను పీడించే జబ్బుల్లో ముందు వరస చర్మానిదే. ఏడాది నుంచి మూడేళ్ల వయసులో ఎలర్జీ మొదలవుతుంది. పాదాలు అదే పనిగా నాకడం, పొట్ట, చంకలు ఎర్రబడటం, చెవి పోటు మళ్లీ మళ్లీ రావడం దాని గుర్తులు. మూలం దుమ్ము, గడ్డి, తిండి, పిడుదు కాటు ఏదైనా కావచ్చు. డాక్టరు ఒక్కొక్కటీ తీసేస్తూ కనుక్కోవాలి. అందుకు వారాలు పడుతుంది, ఓపిక పట్టండి.

ఏడాదిలోపు పిల్లలకు కళ్ల చుట్టూ, మూతి పక్కన గుండ్రంగా వెంట్రుకలు రాలితే డెమోడెక్స్ గజ్జి కావచ్చు. చర్మాన్ని గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే తెలుస్తుంది. ఇది మనుషులకు అంటదు, నయమవుతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసే నాటు వైద్యం మాత్రం ఎప్పుడూ చేయకండి. కుక్క నాకితే అది విషమే.

స్నానం మూడు నాలుగు వారాలకోసారి చాలు, కుక్కల షాంపూతోనే. మన సబ్బులు దాని చర్మాన్ని ఎండగడతాయి. తడి చెవుల్ని బాగా తుడవండి. వారానికి రెండుసార్లు రబ్బరు బ్రష్‌తో దువ్వండి. పళ్లు కుక్కల పేస్టుతో తోమండి. గోళ్లు నేలకు టకటక తగులుతుంటే కత్తిరించే సమయం వచ్చినట్టే.

నడక నుంచి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో, తోక కింద చేత్తో తడిమి పిడుదులు వెతకండి. కొన్ని ఊళ్లలో వీటిని గోమార్లంటారు. కనపడితే పట్టకారతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి, సబ్బు నీళ్లలో వేయండి. వేళ్లతో చిదమొద్దు. నెత్తురు తాగి రాలిపడిన ఆడ పిడుదు గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. అందుకే కుక్క ఒంటికి మందు వేస్తూనే పగుళ్లు పూడ్చి, పరుపును ఎండలో వేయాలి. నెలకోసారో మూడు నెలలకోసారో ఇచ్చే పిడుదుల మాత్రలున్నాయి. బరువు చెప్పి డాక్టరును అడగండి.

పిడుదు కాటుతో వచ్చే ఎర్లికియా, బబీసియా జ్వరాలు మన ప్రాంతంలో చాలా కుక్కల్ని బలి తీసుకుంటున్నాయి. బబీసియాలో ఒక రకం పిట్‌బుల్స్‌లో కాట్లాటల గాయాల ద్వారా కూడా పాకుతుంది. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్లు తెల్లబోవడం, మూత్రం ముదురు రంగులో రావడం, ముక్కునుంచి నెత్తురు కారడంలో ఏ ఒక్కటి కనిపించినా రక్తపరీక్ష చేయించాలి. రెండు రోజులకే హుషారొచ్చినా మందు కోర్సు మధ్యలో ఆపకూడదు.

8. మన ఎండలు

కుక్కకు పాదాల దగ్గర తప్ప చెప్పుకోదగ్గ చెమట పట్టదు, వగర్చడమే దాని చల్లదనం. మార్చి నుంచి జూన్ దాకా నడక పొద్దున ఆరున్నరలోపు, రాత్రి ఎనిమిది దాటాక పెట్టుకోండి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్చలేవు. తెల్ల వెంట్రుకల పిట్‌బుల్‌కు ఎండకు చర్మం కమిలి, కాలక్రమంలో చర్మ క్యాన్సర్ వచ్చే ముప్పు కూడా ఉంది. ఆపి ఉంచిన కారులో అయిదు నిమిషాలు కూడా వదలొద్దు.

కుక్క ఒంటి మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. ఆగని వగర్పు, జిగట లాలాజలం, తూలడం, చిగుళ్లు ముదురెరుపు కావడం వడదెబ్బ గుర్తులు. 105 దాటితే ప్రాణాపాయం. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లతో తడుపుతూ ఫ్యాను పెట్టండి. తడి తువ్వాలు కప్పి ఉంచొద్దు, వేడి లోపలే నిలిచిపోతుంది. 103కి దిగగానే తడపడం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. తేరుకున్నట్టు కనిపించినా చూపించాలి. లోపలి అవయవాల దెబ్బ మర్నాడు బయటపడవచ్చు.

9. ఆపరేషన్, కీళ్లు, ముసలితనం

సంతాన నియంత్రణ ఆపరేషన్ చేయించండి. చేయించని ఆడకుక్కకు వయసు మళ్లాక గర్భసంచిలో చీము పట్టే పయోమెట్రా రావచ్చు. ఎద ముగిసిన కొన్ని వారాలకు నీళ్లు విపరీతంగా తాగుతూ, డీలాపడితే అది అత్యవసరం. మగదానికి వృషణాల క్యాన్సర్ భయం పోతుంది, ఎద కుక్క కోసం గోడ దూకే తహతహ తగ్గుతుంది. ఏ వయసులో చేయించాలో ఎముకల ఎదుగుదల చూసి డాక్టరు చెబుతారు. పిట్‌బుల్ పిల్లల్ని పుట్టించి అమ్మి డబ్బు చేసుకుందామన్న ఆలోచన మానుకోండి. వదిలేసిన పిట్‌బుల్స్ ఇప్పటికే షెల్టర్లలో చాలా ఉన్నాయి.

ఆడుతూ ఆడుతూ ఒక్కసారిగా వెనక కాలెత్తి నడిస్తే మోకాలి లిగమెంటు తెగి ఉండవచ్చు. ఈ జాతిలో ఇది తరచు కనిపిస్తుంది. బరువు పెరిగిన కుక్కకు ముప్పు మరీ ఎక్కువ. తిండి పెరగకుండానే ఒళ్లు రావడం, మందకొడితనం ఉంటే థైరాయిడ్ చూపించండి. బాగా చూసుకుంటే పిట్‌బుల్ పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. ఏడేళ్లు దాటాక ఏడాదికి రెండుసార్లు రక్తం, మూత్రం, గుండె పరీక్షలు చేయించండి.

రోజూ గంటన్నర ఇలా

పొద్దున, సాయంత్రం నడక గంట. రెండు పూటలా శిక్షణ పది నిమిషాలు. వెతుకులాట, తాడాట పది నిమిషాలు. ఒళ్లు తడిమి పిడుదులు, పాదాలు, చెవులు, చిగుళ్లు చూడటం పది నిమిషాలు. ఈ పని పనివాడికో, వాచ్‌మన్‌కో అప్పగించేది కాదు. ఒంట్లో తేడా వచ్చిన రోజున ముందుగా పసిగట్టేది రోజూ తాకే చెయ్యే.

ఈ గంటన్నర వచ్చే పన్నెండేళ్లూ ఇవ్వగలనన్న నమ్మకం ఉంటేనే పిట్‌బుల్‌ను తెచ్చుకోండి. లేకుంటే ఎంత ముద్దొచ్చినా వద్దు. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే ఈ రోజే టీకా పుస్తకం తీసి రేబిస్ తేదీ చూడండి, దాన్ని తూచండి, బుట్ట చిక్కం కొనండి, సాయంత్రం నడకకు మీరే తీసుకెళ్లండి.